విసిగించే వారితోనూ ‘మీరు’ అనే మాట్లాడదాం



ఓ.పి. వరండాలో గోడకు తగిలించిన సలహాల పెట్టెను మేము నెలకొకసారి తెరుస్తాం. మందుల గురించి, బిల్లుల గురించి వచ్చే చీటీలకన్నా మాట గురించి వచ్చే చీటీలే అందులో ఎక్కువ. “సిస్టరు విసుక్కున్నారు.” “టోకెను ఇచ్చే ఆయన కసిరాడు.” “మా అమ్మను నువ్వు అన్నారు.” అదే వారం మా నర్సుల మీటింగులో కూర్చుంటే అక్కడా ఇలాంటి మాటలే. “పన్నెండో బెడ్డు వాళ్ళ అబ్బాయి నోటికొచ్చినట్టు తిట్టాడు మేడమ్” అని కళ్ళు తుడుచుకుంటూ చెబుతారు. రెండు వైపులా నొచ్చుకున్నవాళ్ళే. క్రైస్తవ ఆస్పత్రి కదా, ఇక్కడ అందరూ మెత్తగా మాట్లాడుకుంటారని బయటివారు అనుకుంటారు. మేమూ ప్రతి ఉదయం చాపెల్‌లో ఆ ప్రార్థన చేసుకునే డ్యూటీకి వెళతాం. చాపెల్ తలుపు నుంచి ఓ.పి. వరండాకు ఇరవై అడుగులు కూడా ఉండదు. ఆ ఇరవై అడుగులు దాటగానే పరీక్ష మొదలవుతుంది.

మెల్లగా మాట్లాడటం వేరు, గౌరవంగా మాట్లాడటం వేరు. గొంతు ఏమాత్రం పెంచకుండా మనిషిని నేలమట్టం చేసేవాళ్ళను మనం చూశాం. గట్టిగా మాట్లాడే అలవాటు ఉన్నా ఎదుటివారిని ఎన్నడూ చిన్నబుచ్చని పల్లెటూరి పెద్దలనూ చూశాం. ఎదుటి మనిషి కోపానికి ఏదో కారణం ఉండి ఉంటుందని ముందుగా నమ్మి, దాన్ని వెతికి, ఆ తర్వాత జవాబు చెప్పడాన్నే మేము గౌరవం అంటాం. మా వార్డుల్లో ఇది మంచి మర్యాదకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. కొన్నిసార్లు ప్రాణం దాని మీదే ఆధారపడుతుంది. అది ఎలాగో చెబుతాం. ముందు బైబిలులోని ఒక పేషెంటు గురించి.

నయమాను కథ మన సండే స్కూలు పిల్లలందరికీ తెలుసు. రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. సిరియా సైన్యాధిపతి, కుష్ఠు రోగి. రాజుగారి ఉత్తరం, వెండి బంగారాలు పట్టుకుని ఎంతో దూరం ప్రయాణం చేసి ఎలీషా గుమ్మం ముందు రథం ఆపాడు. ప్రవక్త బయటకు కూడా రాలేదు. యొర్దానులో ఏడు మునకలు వేయమని మనిషి చేత కబురు పంపాడు. పెద్ద డాక్టరు గారు చూస్తారని రాత్రంతా బస్సులో కూర్చుని వస్తే, చీటీ మాత్రం చేతిలో పెట్టి పంపేసినట్టయింది. నయమానుకు కోపం వచ్చింది. మా ఊళ్ళో ఇంతకన్నా మంచి నదులు లేవా అని తిరుగుముఖం పట్టాడు. ఇలాంటి మాట మా దగ్గర వారానికి నాలుగుసార్లయినా వినబడుతుంది. హైదరాబాదులో ఇంతకన్నా మంచి ఆస్పత్రులు లేవా అంటారు.

ఎలీషా ఎందుకు బయటకు రాలేదో వివరించే పని పాస్టరు గారికి వదిలేస్తాం. నర్సుల కంటికి ఆ కథలో కనబడేది ఆయన సేవకులు. వాళ్ళు ఆయనతో వాదించలేదు. ఆ కోపం తప్పని చెప్పలేదు. ప్రవక్త తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. దగ్గరకు వెళ్ళి, తండ్రీ అని పిలిచి, ఇంతకన్నా కష్టమైన పని చెప్పినా మీరు చేసి ఉండేవారే కదా అన్న అర్థం వచ్చే ఒక్క ప్రశ్న అడిగారు. ఆయన ఏ పని మీద వచ్చాడో ఆ పనివైపు మళ్ళీ తిప్పారు. కోపంగా వెళ్ళిపోతున్న మనిషి వెనక్కి తిరిగి నదిలో దిగాడు, బాగుపడ్డాడు. ఆ సేవకుల పేర్లు కూడా బైబిలు చెప్పదు.

వాళ్ళ మాట మొదలైంది పిలుపుతో. మన తెలుగులో పిలుపుకు ఉన్న బలం మనకు వేరే చెప్పనక్కర లేదు. ‘నువ్వు’ అని ఒక్కసారి అంటే చాలు, ఆ తర్వాత ఎంత మంచి వైద్యం చేసినా ఆ మాట గుండెలో ముల్లులా ఉండిపోతుంది. కేరళ నుంచి వచ్చిన మా సిస్టర్లకు మేము మొదట నేర్పే తెలుగు ముక్క “నొప్పి ఉందా”. రెండోది చివర ‘అండి’ చేర్చడం. కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దావిడకు మామ్మగారూ అంటే ముఖం విప్పారుతుంది. తెలంగాణ వైపు ఆవిడకు అవ్వా, పెద్దమ్మా అంటేనే సొంత మనిషిలా ఉంటుంది. యాభై దాటీ దాటని ఆవిడను పట్టుకుని ‘అమ్మమ్మా’ అని పిలిస్తే మాత్రం ఊరుకోరు, అది కూడా చూశాం! అందుకే ఏమని పిలవమంటారని అడగడమే మంచిది. “ఏడో బెడ్డు”, “షుగర్ కేసు” అని మనుషులను పిలవడం మా వార్డుల్లో లేదు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. ‘మీరు’ అనే మాట ఎవరికి దొరుకుతోంది? ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు దిగినాయన ఎంత అరిచినా ‘సార్, కూర్చోండి సార్’ అంటాం. కూలి పని మానుకుని, బిడ్డను చంకన వేసుకుని వచ్చిన తల్లి రెండోసారి అదే ప్రశ్న అడిగితే ‘నీకు ఎన్నిసార్లు చెప్పాలి’ అని వస్తుంది. ఇది ఆస్పత్రుల్లోనే కాదు, బ్యాంకులో, రేషను షాపులో, చర్చి గుమ్మం దగ్గర కూడా ఉన్నదే. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్ళ దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని గద్దించాడు. మనం ఎంత గౌరవం గలవాళ్ళమో తేల్చేది పెద్ద మనుషులతో మన మాట కాదు. వార్డు ఊడ్చే ఆయాతో, బాత్రూములు కడిగే అతనితో మన మాట ఎలా ఉందో చూస్తే తెలుస్తుంది. పేషెంట్ల బంధువులు నర్సును ‘సిస్టర్ గారూ’ అని, ఆయాను ‘ఏమే’ అని పిలవడం మేము రోజూ వింటున్నాం. ఆ ఆయాకు కూడా ఇంట్లో మనవలున్నారు.

ఇప్పుడు ప్రాణం సంగతి. ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు యాభై ఏళ్ళ ఆయన ఒకరు టోకెను కిటికీ దగ్గర పెద్దగా అరుస్తున్నారు. ఫైలు విసిరేశారు. మాట ముద్దగా వస్తోంది, అడుగు తడబడుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు “పొద్దున్నే తాగొచ్చాడు, బయటకు పంపేయండి” అన్నారు. డ్యూటీలో ఉన్న సిస్టరు ఆయన చొక్కా చూసింది. ఫ్యాను కింద నిలబడ్డా చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. “అయ్యా, ఒక్క నిమిషం కూర్చోండి, పొద్దున ఏమన్నా తిన్నారా?” అని అడిగింది. పరగడుపున రక్తం ఇవ్వాలని ఏమీ తినకుండా వచ్చారు. కానీ అలవాటు కొద్దీ ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే బయలుదేరారు. వేలి నుంచి చుక్క తీసి చూస్తే షుగరు 42. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ పరీక్ష చేశారు. కాస్త తేరుకున్నాక ఆయన అడిగిన మొదటి మాట, “నేను ఎవరినైనా ఏమన్నా అన్నానా అమ్మా?” అని.

షుగరు 70 కన్నా తగ్గితే మెదడుకు అందాల్సిన ఇంధనం తగ్గిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, ఆ తర్వాత చిరాకు, మొండితనం, తికమక. ఇంకా తగ్గితే ఫిట్సు, స్పృహ తప్పడం. ఇంట్లో షుగరు ఉన్నవారు ఉన్నట్టుండి అకారణంగా తిట్టడం మొదలుపెడితే తిరిగి తిట్టేముందు షుగరు చూడండి. మిషను లేకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే పంచదార నీళ్ళు ఇవ్వండి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. తేరుకున్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి, కొన్ని మాత్రల వల్ల షుగరు మళ్ళీ పడిపోవచ్చు. పరగడుపు పరీక్ష ఉన్న రోజు ఇన్సులిన్, మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టరు గారిని అడిగి రాసి పెట్టుకోండి.

ఆయనను తాగుబోతు అనుకున్నవాళ్ళను మేము తప్పుపట్టం. మొదటి సమూయేలు 1వ అధ్యాయంలో ఏలీ అంతటి యాజకుడే హన్నాను చూసి తాగి ఉందనుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు, అంతే చూశాడు. హన్నా దగ్గర గమనించవలసింది ఏమిటంటే, ఆమె మండిపడనూ లేదు, మాట్లాడకుండా వెళ్ళిపోనూ లేదు. గౌరవంగా, కానీ స్పష్టంగా, తాను తాగలేదని, మనోవేదనతో ప్రార్థన చేసుకుంటున్నానని చెప్పింది. ఏలీ కూడా వెంటనే తన మాట మార్చుకుని దీవించి పంపాడు. పెద్దరికం అంటే అదీ.

కోపం వెనుక రోగం ఉండే సందర్భాలు ఇంకా చాలా ఉన్నాయి. తుంటి ఎముక ఆపరేషను అయిన డెబ్బై ఎనభై ఏళ్ళ పెద్దవారు పగలంతా బాగానే ఉండి, రాత్రి అయ్యేసరికి “నన్ను ఇక్కడ బంధించారు, పోలీసులను పిలవండి” అని లేచిపోతారు. మూత్రంలో ఇన్ఫెక్షను, న్యుమోనియా, ఒంట్లో ఉప్పు తగ్గడం, కొన్ని రకాల మందులు, ఏదైనా కారణం కావచ్చు. అలాంటప్పుడు వాదిస్తే భయం పెరుగుతుంది. కళ్ళజోడు, వినికిడి మిషను తెచ్చి పెట్టడం, చిన్న లైటు వేసి ఉంచడం, తెలిసిన ముఖం ఒకటి పక్కన ఉండటం సగం మందు. పక్షవాతం వచ్చిన కొందరికి కావలసిన మాట నోటికి రాదు, బూతు మాత్రం స్పష్టంగా వచ్చేస్తుంది. మెదడులో మాటలు పేర్చుకునే భాగం దెబ్బతిన్నా, అలవాటుగా దొర్లే మాటలు మిగిలి ఉంటాయి. జీవితంలో ఒక్క చెడ్డ మాట ఆడని తాతగారు మనవరాలిని అలా అనేసరికి ఆ ఇల్లంతా ఏడ్చింది. అది ఆయన మనసులో మాట కాదని వాళ్ళకు వివరించడానికి మాకు రెండు రోజులు పట్టింది.

అన్నిటికన్నా మన సంఘ కుటుంబాలు వినవలసింది మద్యం గురించి. కాలు విరిగి ఒకాయన చేరారు. చేర్చుకునేటప్పుడు అలవాట్లు ఏమైనా ఉన్నాయా అని అందరినీ అడుగుతాం. భార్య తల దించుకుంది. తల్లి మాత్రం “మా అబ్బాయి అలాంటివాడు కాదమ్మా, ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తాడు” అంది. రెండో రోజు చేతులు వణికాయి. మూడో రాత్రి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టాడు, డ్రిప్పు లాగేశాడు, నైట్ డ్యూటీ సిస్టరును అనరాని మాటలు అన్నాడు. రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇది రావచ్చు. డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోయే జబ్బు. మొదటి రోజే తెలిసి ఉంటే బి1 విటమిను, దానికి తగిన మందులు అప్పుడే మొదలయ్యేవి.

ఆ సిస్టరు ఆ రాత్రి ఎలా మాట్లాడిందో మా కొత్త పిల్లలకు చెబుతుంటాం. “అన్నా, మీరు ఆస్పత్రిలో ఉన్నారు. నేను నర్సును. చీమలు మీకు కనబడుతున్నాయేమో, నాకు కనబడటం లేదు. మీకు భయంగా ఉందని అర్థమవుతోంది. డాక్టరు గారు వస్తున్నారు, అంతవరకు నేను ఇక్కడే ఉంటాను.” చీమలు ఉన్నాయని అబద్ధం చెప్పలేదు. పిచ్చా నీకు అనలేదు. తనకు తగలకుండా రెండు అడుగుల దూరంలో, తలుపు దగ్గరగా నిలబడి మాట్లాడింది. అది కూడా నేర్చుకోవలసిందే.

మర్నాడు ఆయన భార్యతో, ఆ మాటలు జబ్బు వల్ల వచ్చినవి, మనసులో పెట్టుకోవద్దని చెప్పాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఇంట్లో కూడా ఇవే మాటలు సిస్టర్ గారూ. అప్పుడు ఏ జబ్బూ లేదు” అంది.

అందుకని ఈ మాట కూడా స్పష్టంగా రాస్తున్నాం. ప్రతి తిట్టు వెనుకా జబ్బు ఉండదు. గౌరవంగా మాట్లాడటమంటే దెబ్బలు తింటూ నోరు మూసుకుని ఉండటం కాదు. యోహాను సువార్త 18వ అధ్యాయంలో బంట్రౌతు ఒకడు చెంప మీద కొట్టినప్పుడు మన ప్రభువు తిట్టలేదు, అలా అని ఊరుకోనూ లేదు. తాను తప్పు మాట్లాడి ఉంటే చూపించమని, లేకపోతే ఎందుకు కొట్టావని సూటిగా అడిగాడు. భార్యను సహించుకోమ్మా అని పంపేయడం క్రైస్తవ సలహా అని మేము అనుకోవడం లేదు. 2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమలులో ఉంది. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. వార్డులో ఏ సిస్టరుకు చెప్పినా విడిగా కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేస్తాం, మీవాళ్ళ ఎదుట ఆ సంగతి ఎత్తం. నర్సుల మీద, డాక్టర్ల మీద చేయి చేసుకుంటే శిక్షించే చట్టం కూడా 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. ఆ చట్టం పేరెత్తి బెదిరించడం మాకు ఇష్టం ఉండదు, కానీ అవసరమైన రోజున వెనుకాడం కూడా. అప్పుడు కూడా ‘మీరు’ అనే మాట్లాడతాం.

రోజువారీ కోపాల్లో ఎక్కువ భాగం ఇంత పెద్దవి కావు. తెలియకపోవడం వల్ల వచ్చేవి. “మా తర్వాత వచ్చినవాళ్ళను ముందు లోపలికి పంపారు” అంటారు. గుండెనొప్పి, పాము కాటు, ఆయాసంతో ఉన్న పసిబిడ్డ వస్తే వరస ఆగదు. ఆ సంగతి వరుసలో ఉన్నవారికి ముందే చెబితే ఎవరూ కాదనరు, ఇంకా తామే పక్కకు జరిగి దారి ఇస్తారు. ఆపరేషనుకు ముందు కడుపు ఖాళీగా ఉంచమన్న పేషెంటుకు మధ్యాహ్నం అయ్యేసరికి ఆకలి, భయం రెండూ కలిసి అందరి మీదా విరుచుకుపడాలనిపిస్తుంది. “ఇంకో అరగంట” అని నాలుగుసార్లు చెప్పడం కన్నా, “డాక్టరు గారు లోపల ఇంకో ఆపరేషనులో ఉన్నారండి, ఎంతసేపు పడుతుందో ఇప్పుడే చెప్పలేను, పన్నెండు గంటలకు నేనే వచ్చి చెబుతాను” అనడం నయం. చెప్పాక పన్నెండు గంటలకు వెళ్ళాలి. కొత్త కబురు ఏమీ లేకపోయినా వెళ్ళాలి. తియ్యటి మాటలకన్నా నిలబెట్టుకున్న మాటనే పేషెంట్లు గుర్తు పెట్టుకుంటారు.

ఇంట్లో చెవులు సరిగ్గా వినబడని పెద్దవారితో కూడా ఇదే చిక్కు. మూడోసారి “ఆఁ?” అనేసరికి మనకు చిరాకు వస్తుంది, గొంతు హెచ్చుతుంది. గొంతు చించుకుంటే మాట మరీ చెదిరిపోతుంది, వాళ్ళకు వినబడేది కోపం మాత్రమే. ఎదురుగా కూర్చుని, ముఖం వెలుతురులో ఉండేలా చూసుకుని, కాస్త లోతు గొంతుతో, నిదానంగా చెప్పండి. టీవీ ఆపండి. అర్థం కాకపోతే అదే మాట మళ్ళీ అనకుండా వేరే మాటలతో చెప్పండి. చెవిలో గుబిలి పేరుకుందేమో ఒకసారి చూపించండి. అది తీసేయగానే వినబడి, పదేళ్ళ పోట్లాటలు ఆగిపోయిన ఇళ్ళు ఉన్నాయి.

ఇక మాకు మీ నుంచి కావలసిన సాయం. మీవారిని ఆస్పత్రిలో చేర్చే రోజున మందుల చీటీలతో పాటు ఒక కాగితం మీద రాసి తీసుకురండి: వారిని ఇంట్లో ఏమని పిలుస్తారు, ఏ చెవి బాగా వినబడుతుంది, కళ్ళజోడు ఉందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, దేనికి భయపడతారు, దేనికి కోపం వస్తుంది. తాగుడు, పొగాకు, నిద్రమాత్రల అలవాటు ఉంటే దాచకుండా రాయండి. అందరి ముందు చెప్పడానికి మొహమాటంగా ఉంటే కాగితం మడిచి ఇన్‌చార్జి సిస్టరు చేతికి ఇవ్వండి. అది కేసు షీటులో డాక్టరు గారికి, నర్సులకు తప్ప మరెవరికీ కనబడదు. పాస్టరు గారికి కూడా చెప్పం.